కొయ్యొద్దన్న వాచ్‌మన్

"ఆ గడ్డను పిసకకుండ్రమ్మా!"

పాల ప్యాకెట్లతో గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ మొగిలి కేక వేసినంత పని చేశాడు.

జయలక్ష్మి ఉలిక్కిపడింది. ఒళ్ళో పిల్లి, పక్కన గిన్నెలో గోరువెచ్చని నువ్వుల నూనె.

పిల్లి పేరు బెల్లం. రంగూ అదే. పిల్లల్లేని ఆ ఇంట్లో పొద్దస్తమానం ఆమె కబుర్లు వినే ప్రాణి అదొక్కటే. వారం నుంచి వెనక కాలు కుంటుతోంది. తొడమీద రాయిలాంటి గడ్డ లేచింది. చంటిపిల్లలకు కాళ్ళు సాగదీసి నూనె మర్దన చేయడం ఆమె కాకినాడలో వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. అలాగే రెండు పూటలా రుద్దుతోంది.

"రుద్దితే కరుగుతుంది మొగిలీ."

"కరగదమ్మా, ఇంకింత పెరుగుతది. దవాఖానకు తోల్కపోయినా కొయ్యనియ్యకుండ్రి. సూది గూడ పొడవనియ్యొద్దు."

"నువ్వేమైనా డాక్టరువా?"

"కాదమ్మా" అని తల వంచుకున్నాడు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. గోపన్‌పల్లి రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డ్యూటీ దిగాక మొగిలి కూడా అక్కడే కూర్చుంటాడని జయలక్ష్మికి తెలుసు. 'ఆంధ్రోళ్ళు గో బ్యాక్' అన్న కేకలు కిటికీలోంచి విన్నప్పటి నుంచి, పాపం, ఆమెకు ఏ మాట విన్నా అనుమానమే.

మూడో రోజు పిల్లి బుట్టతో ఆటో ఎక్కుతుంటే మొగిలి అడ్డం వచ్చాడు.

"కోయిస్తె చేతులార చంపుకున్నట్టే అయితదమ్మా. జర నా మాటినుండ్రి."

"కోపం ఉంటే మామీద చూపించు. నోరులేని జీవం నీకేం చేసింది?"

"పిల్లికి ఆంధ్ర ఏంది, తెలంగాణ ఏందమ్మా!"

ఆటో కదిలిపోయింది.

ఆ సాయంత్రం ఆమె అపార్ట్‌మెంట్ సెక్రటరీ పార్థసారథికి ఫోన్ చేసింది.

"మా పిల్లి చచ్చిపోతుందని వాచ్‌మన్ శాపనార్థాలు పెడుతున్నాడండి."

ఆ రోజుల్లో ఆ మాట చాలు. మర్నాటికి గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు.

కోత బాగానే మానింది. కానీ మూడు వారాలు తిరిగేసరికి కుట్లు వేసిన చోటల్లా గట్టిపడింది. సూది గుచ్చిన మెడ బిగిసింది. చివరికి దవడ కూడా బిగుసుకుపోయింది. చెంచాతో పోసిన పాలు బయటికే కారిపోయేవి. కార్తీక పౌర్ణమి నాటికి బెల్లం లేదు.

ఎక్స్‌రే చూపిస్తూ డాక్టరు తడబడ్డాడు.

"చాలా అరుదైన జబ్బండి. కండే ఎముకగా మారిపోతుంది. పిసికినా, పొడిచినా, కోసినా ఇంకా పెరుగుతుంది. కదపకుండా వదిలేయాల్సింది. నాకూ ఇప్పుడే తెలిసింది."

జయలక్ష్మికి రెండు రోజులు అన్నం సయించలేదు. తన చేతులను తనే చూసుకోలేకపోయింది. డాక్టరుకే తెలియని సంగతి గేటు తీసేవాడికి ఎలా తెలిసింది? కాళ్ళావేళ్ళా పడైనా అతణ్ణి పనిలోకి తీసుకురావాలనుకుంది.

అడ్రసు కనుక్కొని శేరిలింగంపల్లిలో రైలు పట్టాల అవతల ఉన్న రేకుల గదికి వెళ్ళింది.

"ఆయన లేడమ్మా. పని దొరకక సూరత్ మిల్లులకు పోయిండు" అంది మొగిలి భార్య కొమురమ్మ.

జయలక్ష్మి గుమ్మంలోంచి లోపలికి చూసింది.

లోపల పన్నెండేళ్ళ పిల్ల గోడకు ఆనుకొని నిలబడి ఉంది. కూర్చోవడానికి నడుము వంగదు. కుడి చెయ్యి ఛాతీకి అతుక్కుపోయింది. బిగిసిన పళ్ళ సందులోంచి కొమురమ్మ కొంచెం కొంచెంగా గంజి పోస్తోంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"అయిదేండ్లప్పుడు ఈపుల గడ్డ లేసింది. పెద్ద దవాఖానల కోసిండ్రు. కోసిన కాడల్లా బొక్క, గదే ఎముక, మొలిసింది."

కొమురమ్మ గిన్నె కింద పెట్టి, పిల్లకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"నేను వద్దనే అన్న. కొయ్యమని వేలిముద్ర ఏసింది ఆయనే అమ్మా."