గోడ మీది మందు

బొమ్మ చూపిస్తే ఆ మందు చేసిచ్చే మందుపెట్టె ఇంటింటికీ వచ్చాక జనానికి పొద్దున్నే గోడలు వెతికే జబ్బు పట్టుకుంది. ఎవరో గోడ మీద ఏదో రసాయనం బొమ్మ గీసిపోతారు. ఊరంతా ఆ బొమ్మను పెట్టెకు చూపించి, అది చేసిచ్చిన పొడిని నీళ్లలో కలుపుకుని తాగేస్తుంది. ఇదేమిటని పెట్టెను అడిగే తీరిక ఎవరికీ లేదు.

తెనాలిలో కాఫీపొడి అమ్మే పున్నారావుకు మాత్రం తీరికే తీరిక. కాఫీ విషమని జనం మానేశారు. ఈ నెల ఇలాగే గడిస్తే ఇక కొట్టు మూసెయ్యడమే. చివరికి అతని భార్య శేషారత్నం కూడా గోడమందే తాగుతోంది.

"రెండు గుటకలు పడితే చాలు, ఒళ్లంతా హుషారండీ!" అందామె.

పున్నారావు ఆ గోడమందు బొమ్మను పెట్టెకు చూపించి పేరు అడిగాడు. ఆరు మూలల గూడు, దాన్ని అంటుకుని ఐదు మూలల గూడు.

"కెఫీన్. కాఫీ గింజల్లో ఉంటుంది," అంది పెట్టె.

"విన్నావా? మన సరుకే!"

"చాల్లెండి. గోడమందుకూ ఆ విషానికీ పోలికా?"

వాదించి గెలిచినా ఒక్క డబ్బా కదలదని పున్నారావు లెక్క వేసుకున్నాడు. కొట్టు బోర్డు మీద కాఫీ అన్న మాట చెరిపేసి, ఆ రెండు గూళ్లూ గీయించి, ఉన్న పొడినే కాచి గ్లాసుల్లో పోయడం మొదలెట్టాడు. మధ్యాహ్నానికల్లా జనం వీధి మలుపుదాకా బారులు తీరారు.

మొదటి గ్లాసు శేషారత్నమే అందుకుంది. "గోడమందు కంటే ఇదే బాగుంది. వాసన ఎక్కడో ఎరిగినట్టుంది. ఇందులో కాఫీ కలపలేదు కదండీ?"

"ఛ! బుద్ధున్నవాడెవడైనా కాఫీ తాగుతాడా?" అన్నాడు పున్నారావు, వెనకవాడి గ్లాసు నింపుతూ.