పంకా తాడు

పంకా ఒక్క క్షణం ఆగితే చాలు, లోపల్నుంచి కేక వచ్చేది.

"ఏమిరా ఎర్రప్పా, నిద్ర పోతాండావా?"

"లేదు సామీ, లాగతాండా."

1938 ఏప్రిల్ ఎండ నిప్పులు చెరుగుతోంది. హిందూపురం, పెనుకొండల నడుమ ఉన్న ఆ చిన్న టౌనులో పంచాయతీ బోర్డు మీటింగు నడుస్తోంది. లోపల దూలానికి వేలాడే గుడ్డపంకా ఊగేలా, వసారాలో గోడకానుకుని ఎర్రప్ప తాడు లాగుతున్నాడు. గాలంతా లోపలి పెద్దమనుషులకు, చెమటంతా అతనికి. తాడు దూరే గోడ కంతలోంచి మాటలు మాత్రం బాగానే వినిపిస్తున్నాయి.

ఈరోజు ఊరవతల అంటరానివాళ్లుండే తమ గేరికి చేదబావి సంగతి తేలాలి. గేరి జనానికి ఉన్నది ఒక్క దిగుడుబావి. మోకాళ్లదాకా నీళ్లలో దిగితేగానీ కడవ నిండదు. ఆ నీళ్లు తాగి సగం గేరికి నారికురుపులు. కూతురు మునెమ్మ కాలు వాచి మంచం పట్టింది. పుండులోంచి దారంలా పురుగు బయటికొస్తోంది.

పొద్దున బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది. "నాయనా, ఈసారన్నా బావి అడుగు."

"అడగతాలేమ్మా" అన్నాడు. ఎలా అడగాలో తెలియక దారంతా కుమిలిపోయాడు.

లోపల నేతపని చేసే మెంబరు రంగప్ప లేచాడు. "మనుషులు పురుగుల నీళ్లు తాగతాండారు. బావి తవ్వించాల్సిందే."

"ముందు బజారుకు దీపాలు కావాలప్పా" అని ప్రెసిడెంటు ఆదినారాయణ విసుక్కున్నాడు.

వాదన ముదిరింది. ఎర్రప్ప ఉండబట్టలేక గడపదాకా వచ్చాడు.

"సామీ, ఒక మాట..."

గుమాస్తా గోవిందరాజులు అడ్డమొచ్చాడు. "ఆడే ఉండు. గాలాగిపోయి అందరికీ ఉక్కపోస్తాండాది. పో, తాడు పట్టుకో."

పట్టుకున్నాడు.

"బావి కావాలనేవాళ్లు చేతులెత్తండి."

లోపల మూడు చేతులు లేచాయి. వసారాలో ఎర్రప్ప కూడా తాడు వదలకుండా ఎడమ చెయ్యి ఎత్తాడు. అటు ఎవరూ చూడలేదు.

"వద్దనేవాళ్లు?"

ప్రెసిడెంటుతో కలిపి మళ్లీ మూడు.

"మూడుకు మూడు. సమంగా వస్తే నా మాటే చెల్లేది. బావి వద్దు, దీపాలే" అన్నాడు ప్రెసిడెంటు.

ఎర్రప్ప చెయ్యి దించాడు. మునెమ్మకు ఏం చెప్పాలో తోచక ఏడుపొచ్చింది. లోపల్నుంచి మళ్లీ కేక. కళ్లు తుడుచుకుని తాడు లాగాడు.

ఆ బోర్డుకు గేరి తరఫున సర్కారు నియమించిన ఏడో మెంబరు ఎర్రప్పే.