లేత పిలకలు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

"ఏమండీ! దొంగ దొరికాడు, రండి!"

టీచరమ్మ కేకకి, ఆమె భర్త బ్యాంకు గుమాస్తా లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

ఇద్దరికీ రిటైర్మెంటు దగ్గరపడింది. ఇంటి వెనక చేను కొని మూడు ఆవుల్ని తెచ్చారు, అందులో ఒకటి చూడిది. అది ఈనిన రోజే ఉద్యోగం మానేస్తానని గుమాస్తా పంతం. రాజీనామా కాగితం జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

కోసిన జొన్న మళ్లీ చిగురించింది. ఆ లేత పిలకల్నే పీకి గంపలో వేసుకుంటున్నాడు వీధి చివరి ముసలాయన. ఎప్పుడు చూసినా నెత్తిన గంపే కాబట్టి అందరికీ గంపాయన.

"సిగ్గులేదూ? ఆవుల నోటి దగ్గర మేత లాక్కుంటావా?"

"ఇవి ఆవులకి మంచివి కాదమ్మా..."

"నీ గంపకి మాత్రం మంచివా?" అన్నాడు గుమాస్తా.

"అది కాదు బాబూ, వానల్లేవు. ఈ లేతది తింటే..."

"మూడు రోజులు పశువుల పెంపకం శిక్షణకెళ్లొచ్చాం. సర్టిఫికెట్టు గోడకుంది. నువ్వా మాకు చెప్పేది?"

గుమాస్తా గంప లాక్కుని కాలితో తొక్కేశాడు. వెదురు పటపటా విరిగింది.

"మళ్లీ ఇటొస్తే నీకూ ఇదే గతి."

గంపాయన చితికిన గంపను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికల్లా చేను చుట్టూ ముళ్లకంప పడింది.

వారానికి పిలకలు జానెడు లేచాయి.

"చూశారా, దొంగ పోతే ఎంత పచ్చగా ఉందో!"

చూడి ఆవుని చేలోకి వదిలారు.

గంట తిరక్కుండా కూలిపోయింది. నోట నురగ. కడుపులో దూడ కాసేపు కదిలి ఆగిపోయింది.

పశువుల డాక్టరు ఒక పిలక తుంచి చూపించాడు.

"నాము. వానల్లేనప్పుడు లేత జొన్న విషం. శిక్షణలో రెండో రోజంతా చెప్పేది ఇదేగా?"

"ఆ రోజు నువ్వెళ్లావనుకున్నా," అని గొణిగాడు గుమాస్తా.

"నాకు బడుంది. మీరెళ్లారనుకున్నా."

సాయంత్రం కొత్త గంప కొనుక్కుని ఇద్దరూ వీధి చివరికెళ్లారు. గంపాయన భార్య తలుపు సగమే తీసింది.

"మీ పశువుల మేతకి పట్టుకెళ్తున్నారనుకున్నాం..." అంది టీచరమ్మ.

లోపల మంచం మీద ఆయన గోడవైపు తిరిగాడు.

"మాకు పశువులెక్కడివి?" అంది ఆవిడ. "ఉన్న నాలుగూ ఒక్క పూటలో పోయాయి. మీరు కొన్న ఆ చేలోనే, అది మా చేతిలో ఉన్నప్పుడు."

— తలుపు తీసినదాన్ని, గంపాయన భార్యని. డెబ్బై ఒక్కేళ్లు. ఇప్పుడూ ఆ వీధి చివరి ఇంట్లోనే, ఒక్కదాన్నే. ఆ కొత్త గంప గుమ్మం బయటే ఉంది.