బాన కడిగిన నీళ్లు

బానలోంచి పాట వినిపించేసరికి లమారా చేతిలో పళ్లెం జారిపడినంత పనయింది.

మెడదాకా నేలలో పాతిన వైన్ బాన అది. లోపల మనిషి నిలబడితే తల కూడా కనపడదు.

"ఎవరది? పైకి రా ముందు!"

మూతి దగ్గర ఒక తెల్లటి తల లేచింది. ఆ తర్వాత చెర్రీ బెరడుతో కట్టిన కుంచె.

"నేనేనమ్మా, బాన కడుగుతున్నా. ఏటా వస్తాగా! జుంబెర్ పోయాడని నేను మానేస్తానా?"

లమారాకు అదేమీ తెలియదు. ఆడవాళ్లు బానల గది గడప తొక్కకూడదని ఆ ఇంట్లో ఆచారం. వేసవిలో తండ్రి జుంబెర్ పోయాకే తాళంచెవి ఆమె చేతికొచ్చింది. ఏటా పిలిపించే పనివాడు కాబోలు అనుకుంది.

యాస మాత్రం పడమటి సీమ ఇమెరేతిది. ఆ పేరు వింటేనే ఆమెకు ఒళ్లు మంట.

ఇరవై ఏళ్లుగా మే నెల వైన్ పండుగలో పోటీ ఇద్దరి మధ్యే. తమ తూర్పు సీమ కాఖేతి తరఫున నాన్న, ఇమెరేతి తరఫున వర్లాం అనే, లమారా ఎన్నడూ చూడని మనిషి. గెలిచిన ఏడు నాన్న ఊరంతా వినేలా పాడేవాడు. ఓడిన ఏడు నెల్లాళ్లు నోరు విప్పేవాడు కాదు.

ఈసారి పోటీ లమారాది.

"ఓడిపోయావో, ఆ ద్రాక్ష పీకించి పీచ్ మొక్కలు వేయిస్తా," అని శల్వ బాబాయి తేల్చి చెప్పేశాడు. తోటలో సగం ఆయనదే.

"తొందరగా కానివ్వు తాతా. మా బాబాయి మనిషైతే ఒక్క పూటలో కడిగేస్తాడు."

"కడుగుతాడు. కడిగిన నీళ్లు తాగుతాడా?"

మూడు రోజులు పట్టింది. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ముసలాయన మోకాళ్లు పట్టుకుని మూలుగుతూనే ఉన్నాడు. పాట మాత్రం ఆపలేదు. మూడో రోజు ఆఖరి నీళ్లు గ్లాసులో ముంచి, వెలుతురుకు ఎత్తి చూసి, గటగటా తాగేశాడు.

"ఇక నీ ద్రాక్ష ఎంత మంచిదో నీ వైన్ అంత మంచిది."

లమారా మనసు కరిగింది. లోపలికెళ్లి గ్లాసు నింపి తెచ్చింది.

"నాన్న చేత్తో చేసిన ఆఖరి వైన్. ఆయన పేరు తలుచుకుని తాగు తాతా."

ఆయన అందుకున్నాడు. వాసన చూశాడు. కళ్లు మూసుకున్నాడు. చుక్కయినా ముట్టకుండా కింద పెట్టేశాడు.

"ఇప్పుడు కాదమ్మా. మే నెల వెళ్లాక."

పోయినవాళ్ల పేరు మీద ఇచ్చిన గ్లాసు కింద పెట్టడమంటే, ఆ ఊళ్లో ముఖాన ఉమ్మినట్టే.

"మా నాన్న వైన్ నీకు ఆనలేదా? పో! పలచటి పులుపునీళ్లు తాగేవాళ్లకి దీని రుచేం తెలుస్తుంది?"

"అది కాదు తల్లీ..." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "మరి మా వైపు ఎప్పుడొస్తావు?"

"నీ వైపు నాకేం పని?"

తలుపు ధడాలున వేసేసింది.

మే నెలలో రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టారు.

లమారా వైన్ సిరా అంత చిక్కగా ఉంది. నేరేడు పండులా నాలుకను పట్టేసి, ఆనక నెమ్మదిగా తీపి వదిలింది. నిర్ణేత తల ఊపాడు.

వర్లాం వైన్‌లోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది. దానిమ్మ గింజ కొరికినట్టు చురుక్కుమనే పులుపు దాని సొత్తు. నిర్ణేత ఒక గుక్క తాగి ముక్కు చిట్లించాడు.

"పులుపు అలాగే ఉంది. కానీ అడుగున ఈ బూజు వాసనేమిటి? ఇది నిజంగా వర్లాందేనా?"

లమారా గెలిచింది. "మా అన్న చెయ్యి నీకొచ్చిందే తల్లీ!" అని శల్వ బాబాయి కళ్లు తుడుచుకున్నాడు.

గెలిచిన సీసా పట్టుకుని ఆమె నేరుగా వర్లాం బల్ల దగ్గరికి నడిచింది. నాన్న తరఫున నాలుగు మాటలు అనేసి రావాలని.

అక్కడ నల్ల దుస్తుల్లో ఒక అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. వర్లాం మనవరాలు ఎతేరి.

"తాత లేరండి. ఫిబ్రవరిలో పోయారు."

లమారా సీసా బల్ల మీద పెట్టేసింది.

"అయ్యో... బాన పాడైందా అమ్మా?"

"సరిగా కడగలేదండి. ఏటా తాత స్నేహితుడొకాయన వచ్చి కడిగేవారు. ఆయన పోయారు. ఆయన బదులు ఆయన కూతురు వస్తుందని తాత ద్రాక్షకోతల దాకా ఎదురుచూశారు. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. చివరికి తనే దిగబోతే మోకాళ్లు మొరాయించాయి. పైనుంచే నీళ్లు పోసి ఊరుకున్నాం."

"ఎంత పొగరు!" లమారాకు నిజంగానే కోపమొచ్చింది. "ముసలాయన్ని అలా ఎదురుచూడనిస్తుందా?"

"అలా అనకండి. ఆమెను ఒక్క మాట అననిచ్చేవారు కాదు. 'నేను గ్లాసు కింద పెట్టేశాను, పిల్ల మనసు నొచ్చుకుంది' అనేవారు."

లమారా బల్ల మీదకు వంగింది.

"ఏ... ఏ గ్లాసు?"

"పోటీ అయ్యేదాకా ఒకరి వైన్ ఒకరు ముట్టకూడదని వాళ్లిద్దరి ఒట్టు. బాన బాగోలేక ఓడాననే మాట రాకూడదని ఏటా ఒకరి బాన ఒకరు కడిగేవారు. తాత తన వంతు కడిగే వచ్చారండి. మే నెల వెళ్లాక తాగుతానని, ఇదిగో, ఈ గ్లాసు కూడా తుడిచి పెట్టుకున్నారు."

ఆ ఖాళీ గ్లాసులో తన వైన్ పోస్తూ లమారా తలెత్తింది. బల్ల చివర పెట్టిన వర్లాం ఫొటోలో, తన బానలోంచి పైకి లేచిన ఆ తెల్లటి తలే నవ్వుతోంది.