చాళుక్యుల రాయి

"వేలిముద్ర వెయ్" అన్నాడు ఫరీదుద్దీన్, కాగితం పక్కన ఇంకు డబ్బా పెట్టి.

గంగాబాయి కాగితం వైపు చూసింది గాని చెయ్యి చాచలేదు.

"నాకు సంతకం వస్తది సాబ్. కానీ పెట్ట."

దోహా నగరం అల్ ఘర్రాఫాలోని ఆ విల్లాలో, అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో, సోఫాల వెనక గోడకు ఆనించి నడుమెత్తు నల్లరాయి ఒకటి నిలబెట్టి ఉంది. పైన వరాహం బొమ్మ, దాని కింద పన్నెండు వరుసల పాత కన్నడ అక్షరాలు. కుడివైపు కింది మూలన బొటనవేలు పట్టేంత పెచ్చు లేచిపోయి ఉంది. గొడవంతా ఆ పెచ్చు గురించే.

దోహాలో పాత వస్తువులు అమ్మే రఫీక్ పొద్దున ఆ రాయిని తెచ్చి దింపాడు. సాయంత్రం అతిథులకు చూపించాలని ఇంటి యజమాని ఫరీదుద్దీన్ పైన కప్పిన గుడ్డ తీసేసరికి పెచ్చు కనబడింది. తాను దింపినప్పుడు రాయి నిండుగా ఉందని రఫీక్ ఒట్టు వేశాడు. పనిమనిషి గంగాబాయి పొద్దున గుడ్డ ఎత్తి ఆ మూల మీదే చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుందని, తాను కళ్లారా చూశానని యజమాని భార్య షమ్సున్నీసా చెప్పింది. ఇంకేం కావాలి? రఫీకే కూర్చుని తెలుగులో కాగితం రాశాడు. 'ఈ రోజు ఈ ఇంట్లో ఈ రాయిని నేనే పగలగొట్టాను.' సంతకం పెడితే వీసా క్యాన్సిల్ చేసి ఊరికి పంపేస్తారు. పెట్టకపోతే పోలీసులను పిలుస్తారు.

"ఇదేమన్న నేల మీద పరిచే షాబాద్ బండ అనుకున్నవా?" అన్నాడు ఫరీదుద్దీన్.

ఆ రాయి ఏమిటో రఫీక్ వివరించాడు. అది కళ్యాణి చాళుక్యుల శాసనం. బ్రహ్మ దోసిట్లో పట్టిన నీళ్లలోంచి ఒక వీరుడు పుట్టాడని, తాము అతని సంతానమని ఆ రాజులు చెప్పుకునేవారు. తైలపుడు రాష్ట్రకూటులను కూలదోసి రాజ్యం నిలబెట్టాడు. తర్వాత విక్రమాదిత్యుడు గద్దెనెక్కి, అప్పటిదాకా నడిచిన శకాన్ని పక్కకు నెట్టి, తన పేరుతో కొత్త శకం మొదలుపెట్టాడు. యాభై ఏళ్లు ఏలాడు. మన తెలంగాణ కూడా వాళ్ల చేతి కింద ఉండేది.

"తొమ్మిది వందల ఏండ్లు ఆగిన రాయి" అన్నాడు రఫీక్. "నీ చీపురు తగిలి పోయింది."

"చీపురు తగిలితే పోయే రాయి అన్ని ఏండ్లు ఎట్ల ఆగింది సాబ్?"

షమ్సున్నీసా మొహం తిప్పుకుంది. నోరు తగ్గించుకోమని ఫరీదుద్దీన్ కసిరాడు. గంగాబాయి తగ్గలేదు. టేబుల్ మీది నీళ్ల సీసా అందుకుని కొంగు తడుపుకుంది, రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ మూలను గట్టిగా తుడిచింది. ఆమె బొటనవేలు ఆ గుంటలో కొలిచి చేసినట్టు కూర్చుంది.

"ఇయ్యాల పలిగిన రాయి లోపల తెల్లగ కొడ్తది సాబ్. మీ ఫోన్ లైటు పెట్టి చూడుండ్రి. పెచ్చు లేసినకాడ ఎంత నలుపో రాయి మీద అంతే నలుపు."

ఫరీదుద్దీన్ వంగి చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత రఫీక్ వైపు తిరిగాడు.

రఫీక్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. తనకూ అదే అనుమానం వచ్చిందన్నాడు. పొద్దున వెలుతురు సరిగా లేక చూసుకోలేదన్నాడు. చాళుక్యులకూ చోళులకూ యుద్ధాలు జరిగాయి కదా, అది చోళ సైనికుడి గొడ్డలి దెబ్బే అయి ఉంటుందన్నాడు. అలాంటి గాయం ఉన్న రాయి ఇంకెవరి ఇంట్లోనూ ఉండదన్నాడు. ఫరీదుద్దీన్ మొహం విప్పారింది. అతిథులకు చెప్పడానికి ఇంకో కథ దొరికింది.

"సరే గంగాబాయ్, అయిపోయింది. పోయి చాయ్ పెట్టు."

ఆమె లేచింది గాని కదలలేదు.

"నా మీద నింద ఏసిండ్రు. దానికేం చెప్తరు?"

"ఏం చెప్పాలె?" రఫీక్ నవ్వాడు. "రాయి రంగు చెప్పంగనే పెద్ద పండితురాలివైనవా? ఆ వరాహాన్ని చూడు. కాలి గిట్టలు చూడు. అట్ల చెక్కే చేతులు ఆ రాజులతోనే పోయినయ్. ఇప్పుడు మీ ఊర్లల్ల రోలుకు ఉలితోని గంటు పెట్టేటోడు గూడ సక్కగ దొరుకడు. పో, చాయ్ పెట్టు."

గంగాబాయి వరాహం కాలి గిట్టల వైపు చూసింది. పొద్దున కూడా అలాగే చూసింది. అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పాలనిపించలేదు. పని చేసుకుని నెల గడుపుకుంటే చాలనుకుంది.

ఆమె వంటింటి వైపు పోలేదు. టేబుల్ దగ్గరికి వచ్చి కాగితం తీసుకుంది. అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివింది. రఫీక్ చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"అయిపోయిందన్న కదా, ఇప్పుడెందుకు సంతకం?" అన్నాడు ఫరీదుద్దీన్.

"కాగితంల ముచ్చట నిజమే సాబ్. తారీఖే తప్పు రాసిండ్రు."

ఆమె కొన్ని మాటలు కొట్టేసింది. పైన ఇరుకు సందులో పెద్ద పెద్ద అక్షరాలతో తన మాటలు రాసింది. కింద పూర్తి పేరు పెట్టింది.

"రాయి గింత నలుపు కావాల్నంటే తొమ్మిది వందల ఏండ్లు అక్కరలేదు సాబ్" అంటూ కాగితాన్ని ఫరీదుద్దీన్ చేతికిచ్చింది. "పెంటకుప్పల పూడ్చిపెడితే రెండు వానకాలాలు చాలు."

ఫరీదుద్దీన్ కాగితం వెలుతురుకు పట్టి చదివాడు.

'పన్నెండేండ్ల కింద మా వాకిట్ల, మా ఆయన చెక్కుడు అయినంక, ఆయన పనికి దిష్టి తగలొద్దని ఈ రాయిని నేనే పగలగొట్టిన.'