మూడో చెంచా

సాసుల కంపెనీ రుచిగదిలో మూడో సాసు నాలుకకి తగలగానే కోడలు దగ్గి, కళ్లు తుడుచుకుంది.

అదే కంపెనీలో ముప్పై ఏళ్లుగా రుచులు చూస్తున్న మామగారు ఆ సీసాలోంచే చెంచాడు చప్పరించారు. “అబ్బో, నషాళానికంటింది. కారానికి పదికి తొమ్మిది.”

“మామయ్యా, అది చంటిపిల్లల టమాటా సాసు. మీమీద అనుమానమొచ్చి నేను ఊరికే దగ్గాను.”

ఆయన చెంచా కింద పెట్టేశారు.

“ఎన్నాళ్ల నుంచి?” అంది.

“మొన్న జ్వరం తగ్గినప్పటి నుంచీ. నాలుక చచ్చుబడిందమ్మా. నీ దగ్గూ, ముక్కు ఎరుపూ చూసి మార్కులేస్తున్నా.”

మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. “ఎంతవరకొచ్చిందండీ?”

“నాలుగోది మొదలెడుతున్నాం” అంటూ కోడలు మూత తీసి, గొంతు తగ్గించింది.

“ఇకమీదట ఉత్తుత్తిగా దగ్గను మామయ్యా. ధైర్యంగా వేసెయ్యండి మార్కులు.”