పక్కింటి పొగ

"ఈ ఇనప పెట్టె మనల్ని నిలువునా కాల్చేస్తాది, చూస్తా ఉండు," అంది శీనమ్మ. బండి ఇంకా వాకిట్లో ఆగనే లేదు.

ఆమె మొగుడు సిద్ధయ్య ఆత్మకూరు బంగళాలో దొరకు వంటవాడు. బంగళా ఖాళీ చేస్తూ దొర వదిలేసిన ఇనప పొయ్యి అది. నలుగురు పట్టి దించారు. ఉదయగిరిలో ఆ వీధి వీధంతా వచ్చి చూసింది. పొయ్యికి తలుపులు, పొగ పోవడానికి గొట్టం, గొట్టంలో తిప్పుకునే రేకు. ధాత నామ సంవత్సరపు కరువు మొదలయ్యాక ఆ వీధి నవ్వడం అదే మొదలు. తినడానికి గింజ లేదు గానీ సిద్ధయ్యకు దొరల పొయ్యి కావాల్సొచ్చిందని ఒక ముసలమ్మ ఎకసెక్కమాడింది.

అందరూ పోయాక సిద్ధయ్య గడియ వేసి పొయ్యి తలుపు తీశాడు. దాని కడుపు నిండా మూటలు. మసి అంటిన బియ్యం మూటలు.

శీనమ్మకు సంతోషం కంటే ముందు భయం వచ్చింది. ఊళ్లో సగం ఇళ్లల్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు. ఎక్కడ పొగ లేచినా జనం వెతుక్కుంటూ వస్తున్నారు. సీతారామపురం దారిలో ఒక ఇంట్లో ఉడుకుతున్న కుండను ఉడుకుతున్నట్టే ఎత్తుకుపోయారట. ఆమెకు పుట్టిన ముగ్గురిలో మిగిలింది ఆరేళ్ల సుబ్బరత్నం ఒక్కతే.

"అందుకే ఈ పొయ్యి తెచ్చినాను," అన్నాడు సిద్ధయ్య. "తీరుగా మండిస్తే పొగ కనపడదు."

గొట్టాన్ని వెనక గోడలోంచి పక్కింటి తమ్ముడి పెరటి వైపుకు పెట్టాడు. మూడు రోజులు నేర్పాడు. చండ్రకట్టెను వేలెడు లావున చీల్చి ఎండబెట్టాలి. ముందు రేకు తెరిచి, ఆ తర్వాతే ముట్టించాలి. మంట అందుకున్నాక కింది తలుపు సందు మాత్రం ఉంచి మూయాలి. బూడిద రోజూ లాగెయ్యాలి. మొదటి రోజు శీనమ్మ రేకు సంగతి మరిచిపోయింది. పొగంతా ఇంట్లోకి తన్ని బిడ్డ ఉక్కిరిబిక్కిరైంది. రెండో రోజు చెయ్యి కాల్చుకుంది. మూడో రోజు గంజి ఉడికింది, మసివాసనతో.

నాలుగో రోజు సిద్ధయ్య దొర వెంట నెల్లూరు పోయాడు. పోతూ ఒకటే మాట అన్నాడు.

"పెంచలమ్మకు గూడా తెలవనీబాక."

పెంచలమ్మ అతని తమ్ముడి పెళ్లాం. తోడికోడళ్లిద్దరికీ మధ్య ఒకటే గోడ. కరువు పనికని కాలవ తవ్వడానికి పోయిన పెంచలమ్మ మొగుడు తిరిగి రాలేదు. ఎండాకాలంలో చంటిబిడ్డ పోయింది. అప్పటినుంచి సుబ్బరత్నాన్నే చంకనేసుకుని తిరిగేది. అలాంటి మనిషి దగ్గర దాచడానికి శీనమ్మకు మనసొప్పలేదు. మరునాడు పొయ్యి ముట్టించి, పిడికెడు బియ్యం కొంగున కట్టుకుని, పెరటి గోడ దాకా పోయింది.

పెంచలమ్మ ఇంటి మీద పొగ లేస్తోంది.

శీనమ్మ కొంగుముడి విప్పకుండానే తిరిగి వచ్చింది.

ఆ మరునాడూ పొగే. రోజూ మధ్యాహ్నం శీనమ్మ ముట్టించిన కాసేపటికి అటు పక్కా ముట్టించేది. పెన్న ఒడ్డున సంగంలో పెంచలమ్మకు అన్న ఉన్నాడు. వాడే తెచ్చి పడేసి ఉంటాడు. ఏం వండుతుందో గానీ ఇంత వాసన కూడా గోడ దాటనివ్వదు, అంత గుట్టు. ఇంట్లో పొయ్యి మండుతుండగానే చెంబు పట్టుకుని సర్కారు గంజి తొట్టి దగ్గర నిలబడుతుంది. కట్టె ఎండబెట్టుకోవడమైనా రాదు, నల్లటి పొగ. తన గొట్టం ఎలా ఉందో చూసుకుందామని శీనమ్మ పెరట్లోకి వస్తే, ఆ పొగ కమ్మేసి గొట్టమే కనిపించేది కాదు.

ఒకరోజు ఆ పొగ చూసి నలుగురు మగవాళ్లు పెంచలమ్మ ఇంట్లో పడ్డారు. శీనమ్మ బిడ్డ నోరు మూసి గోడకు చెవి ఆనించింది. కుండలు దొర్లిన చప్పుడు వినిపించింది. ఆకు ఉడకేసుకుంటున్నానని పెంచలమ్మ చెబుతోంది. వాళ్లకేమీ దొరకలేదు. తిట్టుకుంటూ పోయారు.

ఎక్కడ దాచిందో మహాతల్లి, అనుకుంది శీనమ్మ.

రెండు నెలలకు మూటలు అయిపోయాయి. ఆ వారమే గంజి తొట్టి ఎత్తేశారు. సిద్ధయ్య దగ్గర నుంచి కబురు లేదు. ఇనప పొయ్యి చల్లబడింది. విచిత్రంగా పక్కింటి పొగా ఆగిపోయింది. తాను చెయ్యి చాపుతుందని ముందే పసిగట్టి పొయ్యి ఆర్పుకుంది కాబోలు. సుబ్బరత్నం రెండు రోజులు ఆకలని ఏడ్చింది. మూడో రోజు ఏడవలేదు.

శీనమ్మ బిడ్డను భుజాన వేసుకుని, గిన్నె పట్టుకుని పెంచలమ్మ గడప ఎక్కింది.

పెంచలమ్మ చాప మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"ఒక గుప్పెడు పెట్టు. నాకు గాదు, దీనికి."

పెంచలమ్మ ఖాళీ గిన్నె వంక చూసింది.

"రెండు నెల్లుగా చూస్తా ఉండా నీ పొగ. ఒక్కనాడన్నా దీన్ని పిలిచి ముద్ద పెట్టినావా? చంకనేసుకొని తిరిగినదానివే. కడుపుకోత తెలిసినదానివే గదే."

శీనమ్మ తిట్టింది. శాపాలు పెట్టింది. గిన్నెను నేలకేసి కొట్టింది. చివరికి గొంతు పోయి గడప మీదే కూలబడింది. గడప మీది ఎండ జరిగి జరిగి వాకిట్లోకి పోయింది. పెంచలమ్మ చెయ్యి చాపి సుబ్బరత్నం పాదం నిమిరింది.

"నా పొయ్యి మీదికి కుండే ఎక్కలేదక్కా," అంది అప్పుడు, "నీ గొట్టంలో పొగ ఊరి కంట పడితే దీన్ని బతకనియ్యరని, నువ్వు ముట్టించినప్పుడల్లా నేను పచ్చికట్టె కాల్చినాను."